కోల్డ్ రూమ్ నోటుబుక్కు

జూన్ 24

ల్యాబ్ పిల్లలు పెసలు నానబోశారు. కిరాణా కొట్లో కొన్నవే. విత్తనాల కొట్లో దొరికేవాటికి మందు పట్టించి ఉంటుంది, అవి మైటోకాండ్రియాను విడదీసే పనికి రావు. రాత్రంతా నానాక తడిగుడ్డ మీద పలచగా పరిచి, నాలుగైదు రోజులు చీకటి అల్మారాలో ఉంచాలి. ఎంత పెరిగాయో చూద్దామని ఎవరూ తలుపు తీయకుండా కాగితం రాసి అంటించాం. వెలుగు తగిలితే హరితరేణువులు తయారవుతాయి, తర్వాత విడదీసేటప్పుడు వాటి పచ్చటి పొరలు వెంటపడి వస్తాయి. చీకట్లో పెరిగిన కాడ తెల్లగా, లేతగా ఉంటుంది. అందులో పిండిపదార్థమూ తక్కువే.

"పుస్తకంలో అంతా ఎలుక కాలేయమే ఉంది కదా మేడమ్, మనం పెసలతో చేయడమేమిటి?" అంది ఎమ్మెస్సీ అమ్మాయి.

ఆహారం ఆక్సీకరణ చెంది ఏటీపీ తయారయ్యేది మైటోకాండ్రియాలోనే అని 1949లో కెన్నెడీ, లెనింజర్ ఎలుక కాలేయంతో నిరూపించారు. మొక్కల్లోనూ అంతే అని 1951లో చూపించినవాళ్ళు కాల్టెక్‌లో అడెల్ మిల్లర్డ్, జేమ్స్ బానర్, వాళ్ళతోపాటు మరో ఇద్దరు. వాళ్ళు తీసుకున్నది పెసర మొలకలనే. పాఠ్యపుస్తకాలు ఈ సంగతి రాయవు, పెసరట్టు తినేవాళ్ళకైనా చెప్పవు.

జూన్ 26

మొక్కలో మైటోకాండ్రియాను మొదట చూసింది ఫ్రెడరిక్ మీవెస్, 1904లో, తెల్ల కలువ పరాగకోశంలో. బెండా ఆ పేరు పెట్టి అప్పటికి ఆరేళ్ళే. చూడటానికీ, చెక్కుచెదరకుండా బయటికి తీయడానికీ మధ్య మాత్రం దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. ఉత్త నీళ్ళలో తీస్తే ఉబ్బి పగిలిపోతాయి. ఉప్పునీళ్ళలో తీస్తే ముద్ద కడతాయి. చక్కెర ద్రావణంలో నిలుస్తాయని హోగ్‌బూమ్, ష్నైడర్, పలాడీ 1948లో చూపించాకే ఈ పని గాడిలో పడింది.

జూన్ 29

ఈ రోజు రుబ్బడం. కల్వం, గుడ్డ, గొట్టాలు, రోటార్, బఫర్ అన్నీ రాత్రే కోల్డ్ రూమ్‌లో పెట్టించాను. పొద్దున్నే కాడలు కోశాం. పప్పు బద్దలు తీసేయాలి, వేళ్ళు తీసేయాలి. కాడ ఒక్కటే కావాలి.

జంతుకణాన్ని పగలగొట్టడం సులువు. మొక్క కణం చుట్టూ సెల్యులోజ్ గోడ ఉంటుంది. అది చిట్లేంత బలం వాడితే లోపలున్నవీ చిట్లుతాయి. అందుకే గ్రైండర్‌లో వేసినా రెండు మూడు సెకన్లే, ఆపి ఆపి. సగం కణాలు పగలకుండా పోయినా సరే అనుకోవాలి. ఇంకాస్త తిప్పితే ఇంకాస్త దిగుబడి వస్తుందన్న ఆశతోనే ఈ పని చెడిపోతుంది.

గోడకన్నా పెద్ద చిక్కు రిక్తిక. ఎదిగిన కణంలో తొంభై శాతం దాకా చోటు దానిదే. ఆమ్లాలు, ఫినాల్‌లు, ప్రోటీన్లను కొరికే ఎంజైములు అందులో ఉంటాయి. కణం బతికున్నంతసేపూ వాటికీ మిగతా కణద్రవ్యానికీ మధ్య ఒక పల్చటి పొర అడ్డు. మనం రుబ్బగానే ఆ అడ్డు పోతుంది. విడివిడిగా ఉండాల్సినవి ఒకటైపోతాయి. కోసిన వంకాయ నల్లబడటం వంటింట్లో రోజూ చూసేదే: ఫినాల్‌కూ, దాన్ని ఆక్సీకరించే ఎంజైముకూ మధ్య అడ్డు తొలగింది, అంతే. అలా పుట్టిన క్వినోన్‌లు కనబడ్డ ప్రోటీన్‌నల్లా పట్టుకుని పాడుచేస్తాయి.

రుబ్బే ద్రావణంలో వేసే ప్రతి పదార్థమూ ఇలాంటి ఒక్కో కీడుకు విరుగుడు. మానిటాల్ 0.3 మోలార్, ఉబ్బకుండా. రిక్తికలోని పులుపును తట్టుకునేంత గట్టి బఫర్, పీహెచ్ 7.5 దగ్గర. ఫినాల్‌లను పట్టుకోవడానికి పీవీపీ, నల్లబడకుండా ఆస్కార్బేట్, సిస్టీన్. కాల్షియం మీద ఆధారపడే లైపేజ్‌లను కట్టడి చేయడానికి ఈడీటీఏ. అయినా కొన్ని పనిచేసి కొవ్వు ఆమ్లాలను వదులుతాయి, అవి మైటోకాండ్రియా పొరను పాడుచేసేలోగా పీల్చుకోవడానికి బీఎస్ఏ. ఇది బట్టీ పట్టాల్సిన జాబితా కాదు. ఏది మానేస్తే ఏం చెడుతుందో తెలిస్తే చాలు, జాబితా దానంతటదే గుర్తుంటుంది.

వడగట్టి, సెంట్రిఫ్యూజ్‌లో 1,000 జీ (గురుత్వానికి వెయ్యి రెట్ల బలం) దగ్గర ఐదు నిమిషాలు తిప్పాం. పిండి, కేంద్రకాలు, గోడల ముక్కలు అడుగుకు పోయాయి. పైన తేరినదాన్ని 12,000 జీ దగ్గర పదిహేను నిమిషాలు తిప్పితే లేత గోధుమరంగు పెల్లెట్ వచ్చింది. దాన్ని పిపెట్‌తో పొడిచి కరిగించకూడదు. మెత్తటి నీటిరంగుల కుంచెతో, చుక్క చుక్క బఫర్ వేస్తూ విప్పాలి. కొత్తగా వచ్చిన అబ్బాయికి కుంచె ఇస్తే నవ్వాడు. చేయి మాత్రం బాగా తిరిగింది.

జూలై 1

అదే అబ్బాయిది జొన్న పండే ఊరు. కోత అయ్యాక మోళ్ళనుంచి వచ్చే పిలకలను, నామును, మేసి వాళ్ళ ఎద్దు చనిపోయిందట చిన్నప్పుడు. "విషం ఎక్కడ్నుంచి వస్తుంది మేడమ్, అదే జొన్న కదా?" అన్నాడు.

లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం రిక్తికలో ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము వేరే చోట ఉంటుంది. పశువు నమలగానే రెండూ కలిసి సయనైడ్ పుడుతుంది. ఆ సయనైడ్ ఎద్దు కణాల్లో పట్టుకునేది సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌ను, వచ్చేవారం మనం కొలవబోయే ఎంజైమునే. రక్తంలో ఆక్సిజన్ ఉంటుంది, కణం వాడుకోలేదు. నీటి ఎద్దడికి గిడసబారిన పైరులో ధురిన్ ఎక్కువ. పశువైద్యుడు వేళకు వస్తే థయోసల్ఫేట్ సూదితో బతకవచ్చు.

మొన్న కల్వంలో మనం చేసిందీ ఎద్దు దవడలు చేసిందీ ఒకటే పని అన్నాను. క్లాసులో చెప్పేదానికన్నా ఇది బాగా ఎక్కింది.

జూలై 4

పాత థీసిస్ ఒకటి తిరగేశాను. "10,000 ఆర్‌పీఎం దగ్గర తిప్పితిమి" అని ఉంది. ఏ రోటారో లేదు. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న రోటార్‌లో అది సుమారు 11,200 జీ. 6 సెంటీమీటర్లదైతే 6,700 జీ. మొదటిదాంట్లో మైటోకాండ్రియా అడుగుకు చేరుతుంది, రెండోదాంట్లో కొంత పైనే మిగిలి సింకులోకి పోతుంది. ఆర్‌పీఎం మాత్రమే రాసిన పద్ధతిని ఇంకొకరు చేసి చూడలేరు.

జూలై 8

పాలకూరతో ప్రయత్నం. ఆకు సంగతి వేరు. ఎంత జాగ్రత్తగా తిప్పినా పెల్లెట్ ఆకుపచ్చగానే వస్తుంది, హరితరేణువుల తునకలు కలిసి. పెర్కాల్ తప్పదు. సన్నటి సిలికా రేణువులకు పీవీపీ పూత పూసిన ద్రవం అది. 40,000 జీ దగ్గర ముప్పావుగంట తిప్పితే గొట్టంలో సాంద్రత పైనుంచి కిందికి దానంతటదే క్రమంగా పెరిగేలా ఏర్పడుతుంది. పచ్చపొరలు పైన ఆగాయి, మైటోకాండ్రియా కింద పసుపు కలిసిన తెల్లటి పట్టీగా నిలిచింది. ఈ పద్ధతిని మొక్కలకు అమర్చి స్థిరపరచినవాళ్ళలో గ్రెనోబుల్‌కు చెందిన రోలాన్ దూస్ బృందం ముఖ్యం. 1980ల మొదట్లో బంగాళాదుంపతో చేశారు. ఆకులకూ అదే దారి పడింది.

పట్టీ తీశాక పెర్కాల్‌ను కడిగేయాలి. ఒక్కసారి కడిగితే పోదు.

ఆకు మైటోకాండ్రియాకు గ్లైసీన్ ఇస్తే ఆత్రంగా ఆక్సీకరిస్తుంది. దుంపదానికి ఇస్తే ఉలకదు పలకదు. వెలుగులో జరిగే కాంతిశ్వాసక్రియలో పుట్టే గ్లైసీన్‌ను విడగొట్టే ఎంజైము ఆకులోనే దండిగా ఉంటుంది. కాబట్టి 'మొక్క మైటోకాండ్రియా' అని ఊరికే అనడానికి లేదు. ఏ కణజాలానిదో చెప్పాలి.

జూలై 11

పొర నిండుగా ఉందా లేదా. నా దృష్టిలో ఈ పరీక్ష చేశాకే మిగతావన్నీ.

సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటి పొరను దాటి లోపలికి పోలేదు. దాన్ని ఆక్సీకరించే సైటోక్రోమ్ ఆక్సిడేజ్ లోపలి పొర మీద ఉంది. కనుక పొర నిండుగా ఉంటే బయటినుంచి పోసిన సైటోక్రోమ్ సి అలాగే ఉండిపోవాలి. 550 నానోమీటర్ల దగ్గర రీడింగ్ పడిపోతోందంటే ఎక్కడో చిరిగిందని అర్థం. తర్వాత కాస్త ట్రైటాన్ అనే డిటర్జెంట్ వేసి పొరలన్నీ చించేసి మళ్ళీ కొలవాలి. ఉదాహరణకు, ట్రైటాన్ లేనప్పుడు నిమిషానికి 0.015, వేశాక 0.150 పడితే పది శాతం చిరిగాయి, తొంభై శాతం బాగున్నాయి.

కొలవబోయే ముందు సైటోక్రోమ్ సిని డైథయోనైట్‌తో క్షయకరించాలి. గోధుమ ఛాయ పోయి గులాబీ రంగు వస్తుంది. మిగిలిపోయిన డైథయోనైట్‌ను చిన్న కాలమ్‌లో వడకట్టి తీసేయకపోతే అదే ఎంజైముకు ఎదురు పనిచేస్తుంది. ఇంకో మాట, ఈ గీత నిటారుగా ఉండదు. సైటోక్రోమ్ తగ్గేకొద్దీ వేగమూ తగ్గుతూ వంగుతుంది. మొదటి అర నిమిషం వాలునే తీసుకోవాలి. మూడు నిమిషాల సగటు తీస్తే అంకె చిన్నదవుతుంది.

జూలై 12

మధ్యాహ్నం కరెంటు పోయింది. పెల్లెట్లు సగంలో ఆగాయి. పారేశాం. సాయంత్రం మళ్ళీ పెసలు నానబోశారు.

జూలై 15

ఈ రోజు కొలిచింది మైటోకాండ్రియా లోపలి ఎంజైము సిట్రేట్ సింథేజ్. అసిటైల్ కోఎంజైమ్ ఏ, ఆక్సలోఅసిటేట్ కలిసి సిట్రేట్ తయారైనప్పుడు విడుదలయ్యే కోఎంజైమ్ డీటీఎన్‌బీతో కలిసి పసుపు రంగు ఇస్తుంది. 412 దగ్గర చదవాలి. ఆక్సలోఅసిటేట్‌ను నిన్న కలిపి ఫ్రిజ్‌లో పెట్టాం అంటే కుదరదు. దానంతటదే పైరువేట్‌గా విరిగిపోయే పదార్థం అది. అప్పటికప్పుడు కలిపి ఐసులో ఉంచుకోవాలి.

లెక్క బోర్డు మీద వేయించాను. ఒక మిల్లీలీటరు క్యువెట్‌లో నిమిషానికి 0.068 పెరిగింది అనుకుందాం. ఆ పసుపు రంగు శోషణ గుణకం 13.6తో భాగిస్తే 0.005 మిల్లీమోలార్, అంటే 5 నానోమోల్‌లు. వేసిన ప్రోటీన్ 25 మైక్రోగ్రాములైతే మిల్లీగ్రాముకు నిమిషానికి 200 నానోమోల్‌లు. పై అంకె మీద ఉన్న శ్రద్ధ కింది అంకె మీద ఎవరికీ ఉండదు. ప్రోటీన్ కొలత తప్పితే ఎంజైము కొలత ఎంత బాగున్నా దండగే. రుబ్బే ద్రావణంలో బీఎస్ఏ వేశాం, అదీ ప్రోటీనే. చివరిసారి బీఎస్ఏ లేని బఫర్‌తో కడగకపోతే మైటోకాండ్రియాతోపాటు దాన్నీ లెక్కేస్తాం, యాక్టివిటీ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. బ్రాడ్‌ఫర్డ్ రంగుకు ట్రైటాన్ పడదు, అదొకటి.

జూలై 17

ఏదో ఒక ఎంజైము కనిపించిందని అది మైటోకాండ్రియానే అనేయకూడదు. మేలేట్ డీహైడ్రోజినేజ్ కణంలో చాలా చోట్ల ఉంది. అరాబిడాప్సిస్‌లో ఫ్యూమరేజ్ ఒకటి మైటోకాండ్రియా బయట కూడా ఉంది. మొలకెత్తే నూనెగింజల్లో సిట్రేట్ సింథేజ్ గ్లయాక్సీసోములలోనూ ఉంటుంది. ఆ గ్లయాక్సీసోములను 1967లో బ్రైడెన్‌బాక్, బీవర్స్ కనుక్కున్నది ఆముదపు గింజల్లోనే. నల్లగొండ, పాలమూరు చేలల్లో పండే ఆముదం. కాబట్టి ఆముదంతో పనిచేసేవాళ్ళు సిట్రేట్ సింథేజ్ పక్కనే కెటలేజ్ కూడా కొలిచి చూపాలి. సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌కు మాత్రం వేరే చిరునామా లేదు.

జూలై 22

ఏటీపీని విడగొట్టే చర్య. ఏటీపీ విడిపోగా వచ్చే ఫాస్ఫేట్‌ను కొలవాలి. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, క్షయకరణిని వేస్తే నీలం వస్తుంది. 1925లో ఫిస్కె, సుబ్బారావు ప్రచురించిన పద్ధతి. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావే. ఇదే పద్ధతి చేతిలో ఉండబట్టి వాళ్ళిద్దరూ కండరంలో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏటీపీని పట్టుకోగలిగారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నాడు. సుబ్బారావు పేరు చెబితే మనవాళ్ళు మందుల గురించి మాట్లాడతారు. నా ఓటు ఈ నీలం రంగుకే. తొంభై ఏళ్ళు దాటినా ప్రాక్టికల్ పరీక్షలో నిలబడ్డ పద్ధతులు ఎన్ని ఉన్నాయి?

ఇది గడుసు పద్ధతి కూడా. ఫాస్ఫేట్ ఎక్కడినుంచి వచ్చిందో దానికి అక్కర్లేదు. గొట్టాలు తోమిన సబ్బులో ఉన్నా, రుబ్బిన బఫర్‌లో మిగిలినా నీలమే. గాజు సామాను ఆమ్లంతో కడిగించాను. ఇక ఏటీపీని విడగొట్టేవి మొక్క కణంలో ఎన్నో ఉన్నాయి. కణత్వచానిదాన్ని వనడేట్ ఆపుతుంది, రిక్తికదాన్ని నైట్రేట్ ఆపుతుంది, మైటోకాండ్రియాదాన్ని ఆలిగోమైసిన్ ఆపుతుంది. ఆలిగోమైసిన్ వేస్తే ఎంత తగ్గిందో అంతే మనది. మిగతాది ఇరుగుపొరుగుది.

జూలై 27

ఆక్సిజన్ ఎలక్ట్రోడ్. గాలి కలిసిన నీటిలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది, 35 దగ్గర 7కు పడిపోతుంది. వేసవిలో గది నీళ్ళతో సరిచూసి, 25 డిగ్రీల అంకె వాడేవాళ్ళున్నారు.

సక్సినేట్ వేశాక గీత మెల్లగా వాలింది. ఏడీపీ వేయగానే నిటారుగా దిగింది, అది అయిపోగానే మళ్ళీ మెల్లబడింది. ఆ రెండు వాలుల నిష్పత్తే శ్వాస నియంత్రణ, 1955లో చాన్స్, విలియమ్స్ చెప్పినది. పాత సరుకుకు ఏడీపీ వేసినా వేయకపోయినా ఒకటే వాలు. అలాంటిది వస్తే ఆ రోజుకు ఇంటికి వెళ్ళడం మంచిది.

ఆగస్టు 2

సయనైడ్ వేశాక కూడా ఆక్సిజన్ తగ్గుతూనే ఉంటే కంగారు పడక్కర్లేదు. మొక్కలకు ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ అనే రెండో దారి ఉంది. సయనైడ్ దాన్ని ఏమీ చేయదు, శామ్ అనే పదార్థం ఆపుతుంది. బంగాళాదుంపను అప్పుడే కోసి చూస్తే సయనైడ్‌కు లొంగుతుంది. ఆ ముక్కలనే గాలి ఆడే నీటిలో ఒక రోజు ఉంచి చూస్తే లొంగదు. గాయపడ్డాక దారి మార్చుకుంది.

ఆ దారిలో ఏటీపీ తక్కువ, వేడి ఎక్కువ. కంద పూసినప్పుడు ఆ పువ్వు వెచ్చబడి కుళ్ళు కంపు కొట్టేది అందుకే. పురుగులకు పిలుపు. తామర పువ్వు బయట 10 డిగ్రీలున్నా తనను 30కి పైన ఉంచుకుంటుందని 1996లో ఆడిలైడ్ ఉద్యానవనంలో సీమర్, షుల్ట్‌సె-మోటెల్ కొలిచి చూపించారు. ఆ వేడి ఈ రెండో దారిదేనని పదేళ్ళ తర్వాత ఆక్సిజన్ ఐసోటోపులతో తేలింది, పువ్వును రుబ్బకుండానే.

సయనైడ్ మిగులును సింకులో పోయనివ్వను. ఆమ్లం దరిదాపుల్లో ఉండకూడదు. క్షారం కలిపి, బ్లీచ్‌తో విరిచాకే బయటికి.

ఆగస్టు 7

పిల్లలు పట్టిక వేశారు. "కరువు పెట్టిన మొక్కలో సిట్రేట్ సింథేజ్ ఎక్కువ, కాబట్టి శ్వాసక్రియ ఎక్కువ జరుగుతోంది" అని కింద రాశారు. రెండో సగం కొట్టేయించాను.

క్యువెట్‌లో సబ్‌స్ట్రేట్ దండిగా పోస్తాం, అడ్డుపడేవి లేకుండా చేస్తాం, 25 డిగ్రీల దగ్గర పెడతాం. వచ్చేది ఆ ఎంజైము చేయగలిగిన గరిష్ఠం. మొక్కలో అది చేస్తున్న పని కాదు. ఆర్టీసీ బస్సుకు ఎన్ని సీట్లున్నాయో లెక్కపెట్టి ఎంతమంది ఎక్కారో చెప్పలేం. సక్సినేట్ డీహైడ్రోజినేజ్‌నే తీసుకుంటే, తీసిన వెంటనే సగం నిద్రలో ఉంటుంది, ఏటీపీతో కాసేపు ఉంచితే లేస్తుంది. మొక్కలో అది ఏ క్షణాన ఎంత మేలుకొని ఉందో మన పట్టిక చెప్పదు.

అది తెలియాలంటే కణాన్ని బతికుండగానే అడగాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎ.ఎస్. రాఘవేంద్ర బృందం చేసినది అలాంటి పని. బఠాణీ ఆకు ప్రోటోప్లాస్టులకు మైటోకాండ్రియాను ఆపే పదార్థాలు కొద్ది కొద్దిగా ఇచ్చి, కిరణజన్య సంయోగక్రియ ఏమవుతుందో చూశారు. అది తగ్గింది. వెలుగులో ఆకు మైటోకాండ్రియాకు పనేముంటుంది అనుకున్నవాళ్ళకు జవాబు దొరికింది. విడదీసిన గొట్టంలో ఎన్నాళ్ళు చూసినా ఈ జవాబు దొరకదు.

అలాగని గొట్టం అక్కర్లేదనీ కాదు. రాఘవేంద్ర వాడిన ఆలిగోమైసిన్, శామ్, యాంటిమైసిన్ ఏది ఎక్కడ పట్టుకుంటుందో తెలిసింది విడదీసిన మైటోకాండ్రియా మీదే.

ఆగస్టు 10

పేపర్లు రాసేవాళ్ళకూ, థీసిస్‌లు దిద్దేవాళ్ళకూ ఒక విన్నపం. మొక్కలో ఏ భాగం, ఎంత వయసుది, ఎన్ని జీలు, ఎన్ని డిగ్రీలు, పొర నిండుగా ఉన్నది ఎంత శాతం, ప్రోటీన్ దేనితో కొలిచారు, ఇవి పక్కన లేని యాక్టివిటీ అంకెను పట్టికలోకి రానివ్వకండి. రాసేవాళ్ళు మరిచిపోతే దిద్దేవాళ్ళు అడగండి.